అది రెండోది, మొదటిది చెప్పు

ఆమె పిల్లల వెనక కూర్చుని పాఠం చెప్పేది. ఏ బడిలోనైనా చెప్పేవాళ్లు ముందుంటారు, వినేవాళ్లు ఎదురుగా కూర్చుంటారు. మా కచేరిలో ఆదివారం పొద్దున జరిగే క్లాసులో మాత్రం పిల్లలంతా ఖాళీ గోడకేసి చూస్తూ కూర్చునేవారు. వాళ్ల వీపుల వెనక, గుమ్మం పక్కన, చాప మూల మీద ఆమె. మాట వెనకనుంచి వచ్చేది. ఎవరైనా మెడ తిప్పితే, "ముందుకు సూడు బిడ్డా, నా మొకంల ఏమున్నది?" అనేది.

ఆమె పోయిన సంగతి నాకు పాశమైలారం వెళ్లే కంపెనీ బస్సులో తెలిసింది. ముందు సీట్లో, ఒకప్పుడు ఆ క్లాసులో కూర్చున్న ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. నిన్న పక్కింటి ముసలమ్మను దవాఖానాకు తీసుకుపోయానని ఒకామె చెబితే, రెండో ఆమె, "అది రెండోది. మొదటిది చెప్పు" అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇగ ఎవలంటరే మనల గట్ల?"

నేను ముందుకు వంగి ఏమైందని అడిగాను.

"టీచరమ్మ వోయింది సార్. హత్నూరల, బిడ్డ ఇంట్ల. మీకు తెల్వదా?"

తెలియదన్నాను. తర్వాత బస్సు దిగేదాకా కిటికీలోంచి ఫ్యాక్టరీ గోడలు చూస్తూ కూర్చున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆమెను మళ్లీ లాక్కొచ్చి అందరి ముందు కూర్చోబెట్టినట్టవుతుంది. అది ఆమెకు నచ్చదు. టీచరమ్మ అన్నారే గాని ఆమె ఏ బడిలోనూ టీచరు కాదు. నేను పనిచేసే కంపెనీ ల్యాబులో గాజు సామాను కడిగేది. నాది స్టోర్సు పని. బూట్లు, చేతి తొడుగులు, సబ్బులు అడిగినవాళ్లకు తీసి ఇవ్వాలి. ఆ స్టోర్సు గది ఉన్న చోట ఒకప్పుడు మా జొన్నచేను ఉండేది. ఆ సంగతి కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెప్పేవాణ్ణేమో. ఎవరూ అడగలేదు.

మా భూములు కొన్ని కోర్టులకు, కొన్ని నాన్నగారి పెద్దరికానికి పోయాయి. మిగిలినవి ఫ్యాక్టరీల గోడల లోపలికి పోయాయి. పెద్ద ఇల్లు చేతులు మారింది. చివరికి మిగిలింది మా తాత తగవులు తీర్చిన కచేరి గది, దాన్ని ఆనుకుని నేను ఉండే రెండు గదులు. కచేరిలో తాత కూర్చున్న టేకు కుర్చీ ఉండేది. ఎత్తైన వీపు, వెడల్పు చేతులు. దాని మీద గోడకు ఆయన ఫోటో. తలపాగా, మెలితిప్పిన మీసం, చేతిలో పొన్నుకర్ర. ఆ కుర్చీలో నాన్న కూర్చునేవారు. నేను ఎన్నడూ కూర్చోలేదు. రోజూ పొద్దున తుడిచేవాణ్ణి, అంతే.

ఆమె తండ్రి మా పశువుల దగ్గర జీతానికి ఉన్నాడు. చెప్పులు చేతిలో పట్టుకుని కచేరి గుమ్మం దాకా వచ్చి, అక్కడే ఆగి, లోపలికి వంగి మాట్లాడడం నేను చిన్నప్పుడు చూశాను. అదే గుమ్మం దగ్గర ఒక సాయంత్రం ఆమె వచ్చి నిలబడింది.

"పటేలా, ఒక్క మాట అడుగుదామని వచ్చిన."

"అడుగు."

"ఐతారం పొద్దుగాల పిల్లలకు నాలుగు దేవుని మాటలు చెప్త. మా రేకుల కింద ఎండకు ఉడికిపోతున్నరు. కచేరి ఊకెనే ఉంటది గదా."

సరేనన్నాను. ఎందుకు సరేనన్నానో నిజం చెప్పాలంటే, ఏదైనా అడగడానికి మా గుమ్మానికి మనిషి వచ్చి అప్పటికి చాలా ఏళ్లయింది.

"కుర్చీని మాత్రం ముట్టొద్దు."

"ముట్టం పటేలా."

ఊళ్లో కొందరు నన్ను ఎగతాళి చేశారు. "ఏంది పటేలా, కచేరి చర్చి చేసినవంట?" అన్నారు. నాకు ఆ మతంతో పని లేదు. మా ఇలవేల్పు మాకుంది. క్లాసు జరుగుతున్నంతసేపూ నేను బయట అరుగు మీద పేపరు పట్టుకుని నిటారుగా కూర్చునేవాణ్ణి. అయితే కిటికీ తెరిచే ఉండేది.

ఆమె దగ్గర ఉన్నది ఒకటే పాఠం. యేసయ్యను ఒక పెద్ద చదువు చదివినాయన, ఆజ్ఞలన్నిట్లో ఏది గొప్పదని అడిగాడట. దేవుణ్ణి నిండు మనసుతో, నిండు ప్రాణంతో ప్రేమించడమే మొదటిదన్నాడట ఆయన. పక్కవాణ్ణి నీలాగే ప్రేమించడం రెండోది. ఇంత చెప్పి ప్రతి వారం ఆమె అడిగేది, "ఈ వారం దేవుణ్ణి ఎట్ల ప్రేమించిన్రో ఒక్కొక్కలు చెప్పున్రి."

"మా తమ్మునికి నా బిస్కెట్ల పుడ ఇచ్చేసిన టీచరమ్మా."

"మంచి పని చేసినవ్. అది రెండోది. మొదటిది చెప్పు."

"నేను పార్తన చేసిన."

"ఏమని?"

"లెక్కల పరీచ్చ పాస్ చెయ్యుమని."

"అది అడుక్కునుడు బిడ్డా. అడుక్కో, తప్పు లేదు. మొదటిది ఇంక రాలే."

పిల్లలతోపాటు యాదయ్య కూడా వచ్చేవాడు. ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్. నుదుట బొట్టుతోనే వచ్చి పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. నీకిక్కడేం పనిరా అంటే, "పాటలు మంచిగుంటయి పటేలా. చాయ్ గూడ పోస్తరు" అన్నాడు. అతనికి ఆ మొదటిది ఎలాగైనా సాధించాలని పట్టుదల.

"మా ఆడామెకు నడుము వట్టుకుంటే నేనే బువ్వ వండిన టీచరమ్మా."

"అబ్బో! కూరల ఉప్పు ఏసినవా?"

"ఏసిన."

"తిన్నదా?"

"తిన్నది. తిట్టుకుంట తిన్నది."

"గట్టోనివే. అయితే అది రెండోది. మొదటిది చెప్పు."

"ఏందమ్మా ఇది! పొయ్యి కాడ కూసున్నా రెండోదేనా? గా మొదటిది ఎవలకు దొరుకుతదో ఏమో!"

పిల్లలు పడీపడీ నవ్వేవారు. నాకు మాత్రం చిరాకుగా ఉండేది. మనుషులకు మంచి చేస్తే చాలదా, ఈమెకు ఇంకేం కావాలి అనుకునేవాణ్ణి. ఒకరోజు స్టోర్సులో సబ్బు తీసుకోవడానికి వస్తే ఆ మాటే అడిగాను.

"మంచి చేసుడు మంచిదే సార్. గని ఇంట్ల తండ్రున్నడనుకోన్రి. అన్నదమ్ములం మంచిగనే ఉంటం, ఒకలకొకలం పెట్టుకుంటం. తండ్రి దిక్కు మాత్రం ఒక్కలం సూడం. ఆయనకు ఎట్లనిపిస్తది?"

కంపెనీలో నన్ను సార్ అనేది, ఊళ్లో పటేలా అనేది. ఆ తేడాను ఆమె ఎన్నడూ మరిచిపోలేదు.

క్లాసు మొదలైన ఏడాదికి ఆమె ఒక కాగితాల కట్ట తీసుకుని నా గదికి వచ్చింది. ముఖం నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు.

"దేవుడు ఎట్లుంటడో మీ మనసుకు వచ్చినట్టు గీయున్రి అని పిల్లలతోటి అన్న పటేలా. సూడున్రి."

మొదటి కాగితం మీద తలపాగా, మెలితిప్పిన మీసం, చేతిలో కర్ర. రెండో దాని మీదా అంతే. మూడో దాంట్లో ఎత్తైన వీపున్న కుర్చీ కూడా ఉంది. కుర్చీ కింద చిన్న చిన్న మనుషులు వంగి నిలబడి ఉన్నారు. ఒక్క పిల్లవాడు మాత్రం మీసానికి ఎర్ర రంగు వేశాడు. అందరూ మా తాతనే గీశారు.

ఒక్క క్షణం నా ఛాతీ పొంగింది. అది దాచి రాస్తే ఈ రాతకు అర్థం లేదు.

"పిల్లలు గదా" అన్నాను.

"పిల్లలే. లోపలికి వచ్చేటప్పుడు గా కుర్చీకి వంగి వస్తున్నరు. నేను చెప్పలే. ఇండ్లల్ల ముసలోళ్లు చెప్పి పంపుతున్నరు, పటేలు కుర్చీ, పైలం అని." ఆమె కాగితాలు సర్దుకుంది. "పటేలా, కుర్చీ, ఫోటో జెర లోపల వెట్టుకోన్రి."

"నీ దేవుడికి నా కుర్చీ అడ్డమొచ్చిందా?"

"దేవునికి అడ్డం గాదు. పిల్లలకు అడ్డం. వాళ్లు దాన్ని సూసి భయపడుతున్నరు. భయపడేటోన్ని ప్రేమించుమంటే ఎట్ల ప్రేమిస్తరు?"

నాకు కోపం వచ్చింది. మా ఇంట్లో మిగిలిన చివరి వస్తువు అది. అది కూడా తీసేస్తే నేను ఫలానా ఇంటివాణ్ణని చెప్పుకోవడానికి ఏం ఉంటుంది? కుర్చీ కదలదు, ఇష్టముంటే ఉండండి, లేకపోతే లేదు అన్నాను. ఆమె తన దగ్గరున్న కచేరి తాళంచెవి గూట్లో పెట్టి వెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం క్లాసు రోడ్డు పక్కన నీళ్ల ట్యాంకు కింద జరిగింది. నీడ ఎటు జరిగితే పిల్లలూ అటు జరుగుతున్నారు. ఇండస్ట్రియల్ ఎస్టేట్ లారీలు పోతుంటే దుమ్ము లేస్తోంది. దుమ్ము లేచినప్పుడల్లా ఆమె పాఠం ఆపి, కొంగుతో ఇద్దరు చిన్నపిల్లల ముఖాలు కప్పి, లారీ పోయాక ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేది. నేను పాల ప్యాకెట్ కోసం ఆ దారినే వెళ్లాను. వేరే దారి ఉంది, అయినా ఆ దారినే వెళ్లాను. యాదయ్య నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె చేయి ఊపి అతణ్ణి కూర్చోమంది.

అలా నాలుగైదు వారాలు గడిచాయి. అరుగు మీద పేపరు చదువుతున్నా కిటికీలోంచి ఏ చప్పుడూ రాకపోవడం నాకు నచ్చలేదు. ఒకరోజు స్టోర్సు పని పెట్టుకుని ల్యాబు వెనక కడిగే గదికి వెళ్లాను. వర్షాకాలం వస్తోంది, పిల్లలు తడుస్తారు, కచేరికి రండి, కుర్చీ మీద గుడ్డ కప్పిస్తాను అని చెప్పాలనుకున్నాను. నా లెక్కలో అదే చాలా దిగిరావడం.

ఆమె ఒక ఫ్లాస్కు కడిగి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని తిప్పుతోంది.

"జెర ఆగున్రి సార్."

మళ్లీ సబ్బు వేసి కడిగింది. మళ్లీ ఎత్తి చూసింది. మళ్లీ సింకులో పెట్టింది.

"తళతళలాడుతోంది కదా. ఇంకేం కడుగుతవు?"

"కండ్లకు తళతళే సార్. నీళ్లను సూడున్రి." ఫ్లాస్కులో నీళ్లు పోసి ఒంపింది. లోపలి గోడ మీద అక్కడక్కడా చుక్కలు నిలబడ్డాయి. "జిడ్డు ఏడ ఉంటే నీళ్లు ఆడ సుక్కలై ఆగుతయి. జిడ్డు లేదనుకోన్రి, ఒక్క పొరై మొత్తం జారుతది. జిడ్డు మనకు కనవడదు. నీళ్లకు కనవడతది."

మూడోసారి కడిగాక నీళ్లు ఒక్క పొరగా జారాయి. ఆమె తృప్తిగా ఫ్లాస్కును బోర్లించింది.

"ఏదో చెప్పొచ్చిన్రు సార్?"

"ఏం లేదు" అని వచ్చేశాను. గుడ్డ కప్పిస్తానన్న మాట నోటికి రాలేదు.

ఆ శనివారం యాదయ్యను పిలిపించాను. అతను కుర్చీకి చేయి వేయబోతే వద్దన్నాను. మా ఇంటి కుర్చీని నేనే ఎత్తాలనుకున్నాను. ఎత్తి నిటారుగా పట్టుకుని గుమ్మం దాకా తెచ్చాను. అది బయటికి పోలేదు. పక్కకు తిప్పి చూశాను, వెనక్కి లాగి చూశాను. ఆ కుర్చీని ఎప్పుడు ఏ దారిన లోపలికి తెచ్చారో గాని, గుమ్మం ఎత్తు దానికి చాలలేదు. చెమటలు పట్టాయి.

"నిలవెట్టి తీస్తే ఎల్లదు పటేలా" అన్నాడు యాదయ్య మెల్లగా. "వంచాలె."

వంచితే బయటికి వచ్చింది. కుర్చీని నా గది ముందు పెట్టుకున్నాను. ఫోటోను లోపల మంచం ఎదురుగా తగిలించుకున్నాను. తాళంచెవిని యాదయ్య చేతికిచ్చి, టీచరమ్మకు ఇవ్వమన్నాను.

ఆదివారం పిల్లలు వచ్చారు. ఆమె నాకు కృతజ్ఞత చెప్పలేదు. గుమ్మం దగ్గర ఆగి, ఖాళీ గోడను చూసి, నా వైపు చూసి, తల ఊపి లోపలికి వెళ్లింది. అంతే. నాకు అదే గౌరవంగా తోచింది.

రెండు నెలల తర్వాత మళ్లీ కాగితాల కట్టతో వచ్చింది. ఈసారి తల కొట్టుకుంటూ వచ్చింది.

"సూడున్రి పటేలా, ఈ మొద్దులు ఏం చేసిన్రో!"

చూశాను. ఒక బొమ్మలో దేవుడికి కళ్లజోడు ఉంది. ఇంకో బొమ్మలో నడుముకు చెంగు దోపుకుని, చేతిలో సీసాలు కడిగే బ్రష్షు పట్టుకుని ఉన్నాడు. దాదాపు అందరూ ఆమెనే గీశారు. నాకు నవ్వాగలేదు. చాలా ఏళ్ల తర్వాత గట్టిగా నవ్వాను. ఆమె కూడా నవ్వింది, కాని మధ్యలో ఆపేసింది.

"మీ కుర్చీ తీయమన్న. ఇప్పుడు నేను గూడ తొలగాలె గదా."

"నిన్ను చూసి భయపడరు కదా, ఇష్టంతోనే గీశారు."

"గదే పటేలా. ఇష్టం నా కాడనే ఆగిపోతున్నది."

ఆ వారం నుంచి ఆమె పిల్లల వెనక కూర్చోవడం మొదలుపెట్టింది. ముందు గోడ మీద ఏమీ లేదు. ఫోటో ఉన్నచోట సున్నం కొంచెం తెల్లగా, పలక ఆకారంలో కనిపించేది. పిల్లలు దాన్నే చూస్తూ వినేవారు.

యాదయ్యకు మొదటిది దొరికిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ రోజు అతను చెప్పడానికి మొహమాటపడ్డాడు. ఆమె వెనకనుంచి రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"ఏం చెయ్యలే టీచరమ్మా. మొన్న పగటీలి వాన గొట్టింది గదా. గేటు కాడ నేనొక్కన్నే ఉన్న. బండ్లు గిట్ల ఏం వస్తలేవు. వానను సూసుకుంట కూసున్న. ఏం అడగాల్నని గూడ అనిపియ్యలే. 'మంచిగున్నవయ్యా' అన్న."

"ఎవలతోటి అన్నవ్?"

"అగో, ఆయనతోటి." వేలు పైకి చూపించాడు. "పైసలు అడగలే, పానం అడగలే. ఊకె అన్న, గంతే. ఇది లెక్కకు వస్తదా?"

నేను పేపరు దించాను. పిల్లలందరూ మెడలు తిప్పి వెనక్కి చూస్తున్నారు. ఈసారి ఆమె వాళ్లను ముందుకు చూడమనలేదు.

"గదే యాదయ్యా" అంది. "గదే మొదటిది."

"మరి నాది వేరే దేవుడాయె గదా టీచరమ్మా?"

"నువ్వు మంచిగున్నవయ్యా అన్నవ్. ఇన్నోడు ఇన్నడు. చాయ్ తాగు."

ఉద్యోగం అయిపోయాక ఆమెకు ఆయాసం మొదలైంది. హత్నూరలో ఉన్న కూతురు వచ్చి తనతో తీసుకుపోతానంది. వెళ్లే ముందురోజు సాయంత్రం ఆమె మా గది ముందుకు వచ్చింది. నేను తాత కుర్చీ పక్కన నిలబడి మొక్కలకు నీళ్లు పోస్తున్నాను. ఆమెను చూసి చెంబు కింద పెట్టాను. తాళంచెవి ఇవ్వడానికి వచ్చిందనుకున్నాను. క్లాసు ఆపొద్దని అడుగుతుందనుకున్నాను. కచేరికి మనిషి వచ్చాడంటే ఏదో ఒకటి అడగడానికే వస్తాడు. మా తాత కాలం నుంచి నాకు తెలిసింది అదే.

"ఏమన్న పనుండెనా?" అన్నాను.

"ఏం లేదు పటేలా. ఊకె వచ్చిన."

నాకు ఏం చేయాలో తోచలేదు. అక్కడ ఉన్నది ఒక్కటే కుర్చీ. కూర్చోమని దాన్ని చూపించాను. "మీరు కూసోన్రి, నేను మెట్టు మీద కూసుంట" అంది. ఆమె మెట్టు మీద కూర్చుంటే నేను కుర్చీలో ఎలా కూర్చోను? నేనూ మెట్టు మీదే కూర్చున్నాను. కుర్చీ మా వెనక ఖాళీగా ఉంది.

పెద్దగా మాట్లాడుకోలేదు. ఎస్టేట్ వైపునుంచి సైరన్ వినిపిస్తే, "రెండో షిఫ్టు లోపలికి వోయింది" అంది. గులాబి మొక్కకు పురుగు పట్టిందని చూపించాను. తన తండ్రి కాసిన మా ఎద్దుల పేర్లు చెప్పింది, వాటిలో రెండు నాకు గుర్తున్నాయి. కాసేపటికి లేచింది.

"పోయొస్త పటేలా. మంచిగున్నది జెరసేపు."

మా గుమ్మానికి వచ్చి ఏమీ అడగకుండా వెళ్లిన మనిషి ఆమె ఒక్కతే. ఆ సాయంత్రం నాకు దక్కినదేమిటో అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. మర్యాదకు ఏదో ఒకటి ఇవ్వాల్సింది, ఉత్త చేతులతో పంపించానని మాత్రం బాధపడ్డాను.

ఆమె హత్నూర వెళ్లాక కూడా క్లాసు ఆగలేదు. తాళంచెవిని యాదయ్యకు ఇచ్చి వెళ్లింది. కొంచెం పెద్దపిల్లలు చిన్నవాళ్లతో పాటలు పాడించేవారు. ఒకరినొకరు అదే ప్రశ్న అడిగేవారు. నేను ఎప్పటిలాగే అరుగు మీద పేపరుతో ఉండేవాణ్ణి.

బస్సులో ఆమె పోయిందని విన్న తర్వాతి ఆదివారం పేపరు తీసుకోలేదు. అరుగు మీద కాసేపు నిలబడ్డాను. లోపల పాట అయిపోయింది. గుమ్మం బయట పిల్లల చెప్పులు చిందరవందరగా ఉన్నాయి. నా చెప్పులు కూడా అక్కడే విడిచాను. తలుపు దగ్గర చాప మూల ఖాళీగా ఉంది. ఆ చోటు నాది కాదు. దాన్ని దాటి ముందుకు వెళ్లాను.

పాట ఆగి ఉంది కాబట్టి నా అడుగులు అందరికీ వినిపించాయి. యాదయ్య కంగారుగా సగం లేచాడు.

"ఏంది పటేలా? ఏమన్న పనుండెనా?"

"ఏం లేదు" అన్నాను. "ఊకె వచ్చిన."

అతను నన్ను ఒక్క క్షణం చూశాడు. తర్వాత మెల్లగా పక్కకు జరిగి చాప మీద చోటిచ్చాడు. నేను పిల్లల మధ్య కూర్చుని, అందరిలాగే గోడకేసి చూశాను.